జానెడు పెచ్చు

నరసరావుపేటలో మా పాత ఇంటి పడమటి గోడకు, గడప పక్కన జానెడు మేర పెచ్చు ఊడింది. ఎవరు చూసినా అరపూట పనే అంటారు. పిలిచిన మేస్త్రీ గంపెడు ఇసుకలో సిమెంటు కలిపి నున్నగా పూసి, కూలి తీసుకుని వెళ్లాడు. వానలు గడిచేసరికి ఆ పూత చెక్కుచెదరలేదు గానీ, దాని చుట్టూ కిటికీ దాకా పాత పూత ఉబ్బి రాలడం మొదలైంది. రుద్దితే వేళ్లకు తెల్లటి పొడి అంటింది. నాలుకకు తగిలిస్తే ఉప్పగా ఉంది.

తాతల నాటి గోడ అది. నాపరాళ్లు మట్టితో పేర్చి, పైన డంగుసున్నం పూశారు. పునాది కింద రేగడి నేల. వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది. అందులోని చెమ్మ రాళ్ల మధ్య మట్టిని పట్టుకుని పైకి పాకుతుంటే, సున్నం పూత తన సన్నటి రంధ్రాల్లోంచి దాన్ని గాలికి వదిలేస్తుంది. సిమెంటు ఆ దారి మూసేసింది. చెమ్మ ఇంకాస్త పైకెక్కి, నేలలోంచి మోసుకొచ్చిన ఉప్పును పాత పూతలో వదిలింది. ఆ ఉప్పు పలుకులు కట్టేటప్పుడు పూతను లోపలి నుంచే పగలదోస్తుంది.

ఈ సంగతి చెప్పింది ఎప్పుడో పని మానేసిన ఒక పెద్ద మేస్త్రీ. గోడను వేలి కణుపులతో తట్టి చూసి, ‘‘సున్నం గోడ అబ్బాయ్, దీనికి సిమెంటు అచ్చిరాదు. పూసిందంతా కొట్టించెయ్’’ అన్నాడు.

కొట్టించడం తేలికే. సున్నం దగ్గరే పని ఆగింది. పిడుగురాళ్లకు సున్నం ఊరనే పేరు. ఈ పల్నాటి సున్నపురాతిలోనే నాగార్జునకొండ శిల్పులు బుద్ధుడి కథలు చెక్కారు. సాగర్ నీళ్లు ముంచెత్తకముందే, 1954 నుంచి 1960 దాకా తవ్వి వాటిని వెలికి తీశారు. ఇంత సున్నపు సీమలో ఉండి, కొట్టుకెళ్లి డంగుసున్నం అడిగితే వెల్ల వేసే పొడి సంచీ చూపించారు. గాలి తగిలి చప్పబడ్డ ఆ పొడి పూతకు పనికిరాదు. ఇది నాకు నిజంగా బాధ కలిగించింది.

చివరికి పిడుగురాళ్ల బట్టీ నుంచి కాలిన రాయే తెచ్చుకున్నాం. సున్నపురాయిని దాదాపు 900 డిగ్రీల వేడిలో కాలిస్తే అందులోని బొగ్గుపులుసు వాయువు పోతుంది, రాయి తేలికవుతుంది. దాన్ని గుంటలో పోసి నీళ్లు వదిలితే కాసేపు ఏమీ కాలేదు. తర్వాత రాళ్లు చిటపటమంటూ విచ్చుకున్నాయి, నీళ్లు కుతకుతలాడాయి, ఆవిరి కమ్మేసింది. ‘‘కళ్లల్లో పడితే చూపు పోద్ది, ఎనక్కి జరుగు’’ అని పెద్దాయన కేకేశాడు. అది చల్లారి వెన్నలా పేరుకునే దాకా ఆయన తాపీ ముట్టలేదు. ఒకటికి మూడు పాళ్లు ఇసుక, కొంత ఇటుక పొడి, బెల్లం, కరక్కాయ నానేసిన నీళ్లు. అన్నీ కలిపి రోట్లో నూరించాడు. పలచగా పూత మీద పూత, మధ్యలో తడి గోనెపట్టాలు. సున్నానికి తొందర లేదు. గాలిలోంచి తను పోగొట్టుకున్న వాయువునే మళ్లీ పీల్చుకుని మెల్లగా రాయవుతుంది. అరపూట పని సంక్రాంతి దాకా సాగింది.

సిమెంటు పూసిన కుర్రవాడిని నేను తప్పుపట్టను. అతనికి నేర్పిందే అది. పోర్ట్‌లాండ్ సిమెంటుకు ఇంగ్లండులో పేటెంటు వచ్చింది 1824లో. అంతకు ముందున్న మన గోడలన్నిటికీ వేరే చదువుంది. తాపీ పని నేర్పే చోటల్లా, ముఖ్యంగా బట్టీలున్న ఈ జిల్లాలో, ఆ చదువు కూడా చెప్పాలి. కొలతలు తెలిసిన పెద్దవాళ్లు ఇంకా ఉన్నారు, కూలి ఇచ్చి పిలిపించుకోవచ్చు. మా పెద్దాయన దగ్గర ఆ కుర్రవాడే వచ్చి సున్నం నూరాడు, పాళ్లు ఫోనులో రాసుకున్నాడు.

ఉత్తరపు గోడ అడుగున కూడా సిమెంటు పట్టీ ఉంది. వచ్చే వానలు వెనకబట్టాక దాన్నీ కొట్టిస్తాం.