సముద్రము చూడబోవువారి మూటాముల్లె

మన ఏరియూరు వారికి నీరు కొత్త కాదు. హొగెనకల్లు వద్ద బండల మీది నుండి దూకిన కావేరి మన పొలిమేరలను ఒరసికొని పోయి, 1934 లో పూర్తియైన మేట్టూరు ఆనకట్ట వెనుక నిలిచిపోవును. నాగమరై రేవున పడవ యెక్కి అవతలి గట్టునకు పోయిన జ్ఞాపకము లేని ఇల్లు ఈ చుట్టుపట్ల అరుదు. ఇట్టి చోట పుట్టిన పిల్లలకు ఈత నేర్పవలసిన పని లేదు. అయినను సముద్రమును కన్నులార చూచినవారెందరని మేము తొమ్మిదవ తరగతిలో ఒకనాడు అడుగగా, నలువదిమందిలో ముగ్గురు మాత్రమే చేతులెత్తిరి. విహారయాత్ర సముద్రతీరమునకే అని ఆ దినముననే నిశ్చయించితిమి.

యాత్ర అనగానే అందరును అడుగునది, ఏమేమి తీసికొనిపోవలెనని. ఏ తీరమునకు అని కొందరడుగుదురు. ఎప్పుడు అని అడుగువారు లేరు. సెలవులిచ్చినప్పుడు పోవుటయే గదా అని వారి తలంపు. పరుల బిడ్డలను వెంటబెట్టుకొని పోవు మాకు మాత్రము ఆ చివరి ప్రశ్నయే అన్నిటికన్న పెద్దదిగా తోచినది.

ఉత్తర అమెరికాలోను ఐరోపాలోను చలికి వణకువారు డిసెంబరు మొదలు ఏప్రిలు వరకు కరిబియను సముద్రపు దీవులకు విహారమునకు పోవుచుందురు. ఆ దీవులలో అది వానలు తగ్గిన కాలము. తుఫానుల కాలము జూన్ 1 నుండి నవంబరు 30 వరకు అని అచ్చటి లెక్క. ఆ తుఫానును హరికేను అందురు. పుట్టుక చేత అది మన బంగాళాఖాతపు తుఫానునకు తోబుట్టువే. వారికి సెలవులును సముద్రపు శాంతియు ఒకే వేళకు వచ్చును. (ఆ దీవులకు మనవారును పోయిరి సుమా! 1853 లో మార్తినీకునకు, 1854 లో గ్వాదలూపునకు మన తీరము నుండి కూలీల ఓడలు పోసాగినవి. అందు తమిళులు అధికము, తెలుగువారు కొందరు. వారు పోయినది చెరకు తోటలలో పనికి. ఆ తీరపు ఇసుకను వారు వినోదముగా త్రొక్కి యుండరు.)

మనకు అట్లు కాదు. అర్ధసంవత్సర పరీక్షలు ముగిసి సెలవులిచ్చు డిసెంబరు చివరి వారము తూర్పుతీరమునకు ఇంకను ఈశాన్య ఋతుపవనముల కాలమే. 1964 డిసెంబరు 22 రాత్రి ధనుష్కోటిని ముంచిన తుఫాను, పాంబను నుండి వచ్చుచున్న రైలును నూరుమందికి పైబడిన ప్రయాణికులతో సహా సముద్రములో కలిపినది. 1977 నవంబరు 19 న దివిసీమను కప్పిన ఉప్పెనలో వేలమంది మరణించిరి. వేసవి సెలవులలో పోదమన్న, రోహిణి కార్తె యెండలకు తీరపు ఇసుక మీద కాలు మోపరాదు. పైగా మే నెలయు తుఫానును ఎరుగనిది కాదు. 1990 మే 9 న మచిలీపట్టణపు ప్రాంతమును కొట్టినది అట్టిదే.

ఇంకొక చిక్కు కలదు. మన పిల్లలకు వరద అనగా ఆడి పదునెనిమిది. జూలై, ఆగస్టులలో కొడగు కొండల మీద నైరుతి వానలు కురిసి కావేరి ఎఱ్ఱగా పొంగును. అదే సమయమున నెల్లూరు తీరమున వేడి పడమటిగాలి వీచుచుండును. అచ్చట వానలు దట్టముగా కురియు నవంబరునాటికి ఇచ్చట యేటి ఉధృతి తగ్గియుండును. కావున యేటిని చూచి సముద్రపు కాలమును లెక్క వేయరాదు. సంక్రాంతి నాటికి ఈశాన్య వానలు సాధారణముగా తొలగిపోవును. ఫిబ్రవరిలో ఆకాశము తేటగా, రాత్రి చల్లగా, పగటి యెండ ఓర్వదగినదిగా నుండును. సెలవులు లేకున్నను, శని ఆదివారములకు ఒక దినము కలుపుకొని ఫిబ్రవరిలోనే పోవలెనని పట్టుబట్టితిమి. పదవ తరగతివారు పరీక్షల కారణమున రాజాలకపోయిరి. బస్సు కదలిన వేళ వారి ముఖములు చూచుట మాకు కష్టమైనది.

తీరముల మాటకు వత్తము. మనకు దగ్గరిది పుదుచ్చేరి. అదే చాలునని సహోపాధ్యాయులు కొందరనిరి. చెన్నపట్టణపు మెరీనా చూచుటకు గొప్పదే గాని స్నానమునకు తగదు; అచ్చటి ప్రవాహములు అనేకుల ప్రాణములు తీసినవి. మేము నెల్లూరిలో ఉపాధ్యాయ శిక్షణ పొందిన దినములలో ఆదివారములందు మైపాడునకు పోవుచుంటిమి. నెల్లూరికి ఇరువది కిలోమీటర్లకు కొంచెము పైన నున్న ఆ తీరపు పోకడ మాకు కొంత తెలిసియుండుట ఒక కారణము. రెండవది తెలుగు ఉపాధ్యాయుని స్వార్థమనుకొన్నను సరే: మన పిల్లలు తెలుగక్షరమును పుస్తకములో తప్ప వీధిలో చూచి యెరుగరు.

తేది నిర్ణయించుటలో ఒక అవ్వ అడ్డుపడినది. పర్వదినము గాని దినమున సముద్రమును తాకరాదని పెద్దల మాట. “అయివారూ, మాఘ పున్నమి దగ్గిరలోనే ఉంది గదా, ఆ పొద్దు ముంచండి పిల్లోళ్ళని, పుణ్యమొస్తుంది” అని ఆమె వాదము. పూర్ణిమకు తీరమంతయు జనముతో నిండును. అంతేకాక పూర్ణిమకును అమావాస్యకును సూర్యచంద్రులు భూమితో ఒకే వరుసకు వచ్చుటచే, ఆ దినములలో పోటు మిక్కిలి పెరుగును, ఆటు మిక్కిలి తగ్గును. అష్టమి ప్రాంతములలో రెండును మందగించును. ఇదంతయు అవ్వకు చెప్పనేల? “మాఘమాసమంతా స్నానానికి మంచిదే గదా అవ్వా” అని మాత్రమంటిమి. ఆమె కొంతసేపు ఆలోచించి, “అట్లయితే అష్టమికే పోండి. మా మనవడు యేట్లో చేప మాదిరి ఈదుతాడు, వాడి గురించి మీరు దిగులుపడొద్దు” అనినది. మా దిగులు ఆ మాటతోనే ప్రారంభమైనది.

యేటి ఈతగానిని సముద్రము మోసము చేయును. యేటి ప్రవాహము ఒక దిక్కునకే పోవును, అది కంటికి కనబడును, అవతల ఒక గట్టుండును. సముద్రమున ఒడ్డుకు వచ్చిన అలల నీరు మరల లోనికి పోవుటకు ఇరుకైన త్రోవ చేసికొనును. ఆ త్రోవలో అలలు అంతగా విరుగవు, నురుగు తక్కువ. చూచువానికి అదియే ప్రశాంతమైన చోటని తోచును. అందు చిక్కినవాడు నేరుగా ఒడ్డువైపు ఈదిన కొలది అలసిపోవునే గాని ఒడ్డు చేరడు. ఒడ్డునకు సమాంతరముగా ప్రక్కకు ఈది, ఆ త్రోవ నుండి బయటపడి, పిమ్మట అలలతోపాటు రావలెను. దీనిని నల్లబల్ల మీద బొమ్మ గీచి మూడుమార్లు చెప్పితిమి. ఆటు, పోటు, కెరటము, తిన్నె, ఉప్పెన అను మాటలను గూడ వ్రాయించితిమి. పరీక్షకు కాదు. 2004 డిసెంబరు 26 నాటి సునామీలో నాగపట్టణము జిల్లాలోనే ఆరువేలమందికి పైగా మరణించిరి. ఇండోనీసియాలోని సిమెలూ దీవివారు మాత్రము 1907 నాటి తమ యనుభవమును ‘స్మోంగ్’ అను ఒక్క మాటలో దాచుకొని తరతరములుగా పిల్లలకు చెప్పుచు వచ్చిరి. భూమి అదరి నీరు వెనుకకు పోయినచో కొండకు పరుగెత్తుమని దాని భావము. 2004 లో ఆ మాట కేకవేసికొని వారు మిట్టలెక్కిరి. వేలాదిమంది నివసించు ఆ దీవిలో మరణించినవారు ఏడుగురే.

ఇక మూటలు. తల్లులు కట్టిన వానిని విప్పి చూచి ఆశ్చర్యపడితిమి. ఉన్ని చొక్కాయిలు, పండుగకు కుట్టించిన పట్టు పావడ, గాజుసీసాతో ఊరగాయ, ఒకనికి మూడు శేర్ల రాగిపిండి! మేము కోరినవి వేరు. నూలు బట్టలు మూడు జతలు. అందు ముదురురంగు జత ఒకటి స్నానమునకే విడువవలెను. ఉప్పునీట తడిసిన బట్ట మంచినీట జాడించనిదే సరిగా ఆరదు. ఆరినను గాలిలోని చెమ్మను పీల్చి ఒంటికి అంటుకొనును, నడచునప్పుడు తొడలు ఒరసికొని మండును. ఆడపిల్లలు ఓణీని నడుమునకు బిగించవలెను, లేదా ఒడ్డుననే విడువవలెను. నీటిలో అది కాళ్ళకు చుట్టుకొనును. తలకు టోపీ గాని తుండుగుడ్డ గాని తప్పదు. సముద్రపుగాలి చల్లగా తగులుచుండుటచే యెండ తీవ్రత తెలియదు. సాయంకాలమునకు ముక్కును మెడయు కమలిపోవును. నగలు కూడవు, గాజుసీసాలు కూడవు. పులిహోర మొదటి దినమునకు మాత్రమే. తడిబట్టలకు వేరుగా ఒక సంచి. మా సంచిలో ఒక ఈల, పొడవైన లావుపాటి త్రాడు, పేర్ల పట్టిక, ఓ.ఆర్.ఎస్. పొట్లములు నుంచుకొంటిమి. రాగిపిండి కట్టిన తల్లి, “అక్కడ సంగటి దొరకతాదో లేదో సారూ” అనినది. నెల్లూరివారి చేపల పులుసు రుచి చూచిన పిమ్మట ఆ పిండిసంచి విప్పవలసిన పని రాలేదు.

బస్సు చిత్తూరు చేరువేళకు తెల్లవారినది. ముందు వరుసలోని బాలిక ఒకతె ప్రతి బోర్డును బిగ్గరగా చదువ మొదలిడినది. ఎరువుల దుకాణము, పశువుల ఆసుపత్రి, టిఫిను సెంటరు, ఇచ్చట సైకిళ్ళు బాగుచేయబడును. “సార్, ఇక్కడ ఆసుపత్రికి కూడా తెలుగే రాసినారే!” అనినది. మేము బదులు చెప్పలేదు. ఆమె చదువుట తిరుపతి వరకు సాగినది, తక్కినవారును గొంతు కలిపిరి. సూళ్ళూరుపేట దగ్గర పులికాటు సరస్సున రాజహంసలను చూచితిమి; దూరమగుటచే ఒక గులాబిరంగు గీతవలె మాత్రమే కనబడినవి.

మరునాడు ఉదయమున మైపాడు చేరితిమి. మేము మొదట నీటి దగ్గరకు పోక, వలలు బాగుచేసికొనుచున్న జాలరుల యొద్దకు పోయి ఎచ్చట దిగవచ్చునని అడిగితిమి. వారిలో ఒక పెద్దాయన చేయి చాచి, “ఆడ నురగ లేకుండా కనపడతా ఉండాదే, ఆ పక్కకి మటుకు పోబాకండయ్యా” అనెను. నల్లబల్ల మీది బొమ్మను గుర్తించి పిల్లలు ఒకరి ముఖమొకరు చూచుకొనిరి. అంతలో ఒక చిన్నవాడు, “సార్, అవతలి గట్టు ఎక్కడ?” అని అడిగెను. ఎవరును నవ్వలేదు. అందరి మనసులోను ఉన్న ప్రశ్నయే అది.

త్రాడు పట్టించి, పదుగురు చొప్పున, మోకాలిలోతు దాటకుండ నిలిపితిమి. మొదటి వరుసలో అవ్వగారి మనవడు కలడు. నిన్నటి నుండి ఈ త్రాడు తనకెందుకని అలిగినవాడు వాడే. ఒక కెరటము వచ్చి వెనుదిరుగగా వాని పాదముల క్రింది ఇసుక జారెను. త్రాడును రెండు చేతులతో పట్టుకొని, “సార్, కింద నేల పోతా ఉంది” అనెను. యేటిలో బండ యుండును, నేల ఇట్లు కదలదు. ఇంకను లోపలికి పోనిమ్మని ఆ దినమంతయు వాడు మరల అడుగలేదు. ఈల మూడుమార్లు ఊదితిమి, మూడుమార్లును పేర్లు సరిపోయినవి.

తిరుగు ప్రయాణమున తడిబట్టల సంచులు చాలక, చొక్కాయిలును తువ్వాళ్ళును కిటికీ కమ్మీలకు కట్టిరి. బస్సు నిండ ఉప్పువాసన, ఇసుక. చిత్తూరు దాటిన కొంతసేపటికి బోర్డులు మారినవి. ముందు వరుసలోని ఆ బాలిక మాత్రము చదువుట మానలేదు. అంతే బిగ్గరగా ఇప్పుడు తమిళములో చదువుచుండెను.