పదిహేను చేపలు, మూడు హాట్‌ఫిక్సులు

అక్వేరియం కొనేటప్పుడు నా ధీమా చూసుంటే మీకు నవ్వొచ్చేది. ఇన్నేళ్ళుగా పగలూ రాత్రీ సర్వర్లని మేపుతున్నవాణ్ణి, పదిహేను చేపల్ని మేపలేనా అనుకున్నా. మేపలేకపోయా. పదిహేనులో పదమూడు పోయాయి. అవి పోవడం కన్నా బాధేంటంటే, వాటిలో పది మాత్రం నేను "కాపాడబోయి" చంపినవి. ఎలాగో చెప్తా. మీలో ఎవరికైనా పనికి రావచ్చు.

ముందు నీళ్ళ గురించి చెప్పాలి. పేట్ బషీరాబాద్‌లో మా అపార్టుమెంటుకి మూడు రకాల నీళ్ళు. ఒకటి రోజు విడిచి రోజు వచ్చే జలమండలి నీళ్ళు. 2015 చివర్లోనే ఎల్లంపల్లి నుంచి గోదావరి నగరానికి వచ్చేసినా, మా వాచ్‌మన్‌కి మాత్రం అవి ఎప్పటికీ "మంజీరా"నే. రెండోది బోరు. కింద ఉన్నదంతా నల్లరాయి, ఉప్పు నీళ్ళు. గీజరు రాడ్డు మీద తెల్లటి పెచ్చు కట్టని ఇల్లు మా బ్లాకులో లేదు. మూడోది ఇరవై లీటర్ల క్యాన్. మీటరు పెట్టి చూస్తే మా బోరు టి.డి.ఎస్ 850, క్యాన్ 50. ఈ రెండు అంకెలూ గుర్తుపెట్టుకోండి, తర్వాత పనుంది.

రెండో తరగతి చదివే మా అమ్మాయి అడిగింది కదా అని రెండడుగుల తొట్టి తెచ్చా. అడుగు వెడల్పు, అడుగు ఎత్తు, లెక్కేస్తే ఓ 56 లీటర్లు. ఉత్త గులకరాళ్ళూ ప్లాస్టిక్ మొక్కలూ నాకు నచ్చవు. కాబట్టి అడుగున మొక్కల కోసం ఆక్వా సాయిల్ పోశా, నిజం మొక్కలు నాటా. సీసాలో పంచదార, ఈస్టు కలిపి, దాన్నుంచి ఓ ట్యూబు తొట్టిలోకి వదిలి కార్బన్ డయాక్సైడ్ కూడా ఇచ్చా. "మనం తాగే నీళ్ళే వాటికీ" అని ఉదారంగా క్యాన్ నీళ్ళు నింపా. వారం తిరక్కుండానే పదిహేను నియాన్ టెట్రాలు దించా. నీలం, ఎరుపు గీతలతో చీకట్లో చిన్న ఎల్.ఈ.డీల్లా మెరుస్తాయి. నీళ్ళు అద్దంలా ఉన్నాయి. అద్దంలా ఉంటే బాగున్నట్టే కదా?

కాదట.

చేప విసర్జించేదాన్నుంచీ, తినకుండా వదిలేసిన మేత కుళ్ళినదాన్నుంచీ అమ్మోనియా పుడుతుంది. కొత్త ఆక్వా సాయిల్ కూడా మొదటి కొన్ని వారాలు దాన్ని వదులుతుంది. దీన్ని తినే బ్యాక్టీరియాలు కొన్ని ఉంటాయి. ఒక గుంపు అమ్మోనియాని నైట్రైట్ చేస్తుంది, ఇంకో గుంపు ఆ నైట్రైట్‌ని నైట్రేట్ చేస్తుంది. నైట్రేట్ మొక్కలకి ఎరువు, చేపలకి పెద్దగా ప్రమాదం లేదు. ఈ బ్యాక్టీరియా ఫిల్టరు స్పాంజిలో తగినంత పెరగడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అప్పటిదాకా తొట్టి ఖాళీగా, మొక్కలతోనే ఉండాలి. ఇదంతా నాకు తెలీదా అంటే, తెలుసు. చదివా. "మొక్కలున్నాయిగా, అవి లాగేసుకుంటాయిలే" అని దాటేశా. టెస్టింగు టైము మింగేసి రిలీజు చేసిన ప్రాజెక్టులు మీరూ చూసే ఉంటారు.

అయిదోరోజు పొద్దున రెండు చేపలు చచ్చి ఉన్నాయి. దుకాణం నీళ్ళలోంచి మా పలచటి క్యాన్ నీళ్ళలోకి ఒక్కసారిగా రావడం వల్లనో, దార్లో నలిగిపోవడం వల్లనో, ఆ రెండూ ఎందుకు పోయాయో ఇప్పటికీ చెప్పలేను. అమ్మాయి బడి నుంచి వచ్చి అడిగితే "ముసలివైపోయాయమ్మా" అన్నా. నోటికొచ్చిన అబద్ధం.

టెస్ట్ కిట్టు తెచ్చి చూస్తే అమ్మోనియా 4 పీపీఎం. గుండె జారింది. పి.హెచ్ 6.4. అది బానే ఉంది, నియాన్లు అమెజాన్ అడవుల మెత్తటి ఆమ్ల జలాల చేపలు కదా అని దాన్ని పక్కన పెట్టేశా. దుకాణం అతనికి ఫోను చేస్తే "సగం నీళ్ళు మార్చేయండి సార్, గాలి పెట్టండి" అన్నాడు. సలహా తప్పని అనను. అతను నా తొట్టి చూళ్ళేదు.

ఇక్కణ్ణించి నా తెలివితేటలు చూడండి. సగం నీళ్ళకి మళ్ళీ క్యాన్లు తెప్పించాలంటే రాత్రి తొమ్మిదైంది. జలమండలి నీళ్ళలో క్లోరిన్ ఉంటుంది. కుళాయి దగ్గరకొచ్చేసరికి లీటరుకి కనీసం 0.2 మిల్లీగ్రాములు మిగిలుండాలని మన తాగునీటి ప్రమాణమే చెప్తుంది. మన ఆరోగ్యానికి మంచిదే గానీ చేప మొప్పలకీ, ఆ బ్యాక్టీరియాకీ మంచిది కాదు. పై ట్యాంకులో వాచ్‌మన్ బ్లీచింగ్ పౌడరు వేస్తుంటాడు. కాబట్టి నేను సెల్లార్లోకి దిగి, మోటారు వేయించి, బోరు పైపు నుంచే నేరుగా బకెట్లు పట్టా. అక్కడికక్కడే పి.హెచ్ చూశా, 7.2. "6.4కీ 7.2కీ తేడా ఎంతలే" అనుకున్నా. సగం మార్చా. ఈస్టు సీసా వల్ల ఊపిరాడట్లేదేమోనని అది పీకేశా. రాత్రంతా బుడగలు రావాలని గాలి పంపు పెట్టా. మూడు హాట్‌ఫిక్సులు ఒకేసారి, నేరుగా ప్రొడక్షన్లో.

తెల్లారేసరికి ఆరు చేపలు తేలాయి.

ఇంకెవరైనా అయితే ఆగేవారు. నేను మళ్ళీ సగం నీళ్ళు మార్చా, అదే బోరు నీళ్ళతో. సాయంత్రానికి ఇంకో నాలుగు పోయాయి. మిగిలినవి మూడు. అవీ మూలకి చేరి మొప్పలు టపటపలాడిస్తున్నాయి.

ఆ రాత్రి ఆకివీడు నుంచి మా మావయ్య ఫోను చేశాడు, వేరే పని మీద. ఆయనకి చేపల చెరువులు. మాటల్లో చెప్పుకుని ఏడ్చా. మొత్తం విని, "ఒరేయ్, అమ్మోనియా ఎంతుందో చెప్పావు. పి.హెచ్ ఎంతుందో చెప్పలేదేం?" అన్నాడు.

"ఆరున్నర దగ్గర ఉండేది మావయ్యా."

"ఉండేది కాదురా, ఇప్పుడెంత?"

చూడలేదు. చూశా. 8 దాటింది.

"అమ్మోనియా ఉన్న చెరువులో ఎవడన్నా సున్నం కొడతాడంట్రా? నువ్వు కొట్టింది అదే" అన్నాడు.

విషయం ఏంటంటే, నీళ్ళలో అమ్మోనియాకి రెండు రూపాలు. ఒకటి అమ్మోనియం, దాదాపు నిరపాయం. ఇంకోటి అసలు అమ్మోనియా, మొప్పల్లోంచి నేరుగా లోపలికి వెళ్ళే విషం. నా కిట్టు రెండింటినీ కలిపి ఒకే అంకె చూపిస్తుంది. ఏది ఎంత అనేది పి.హెచ్, వేడి నిర్ణయిస్తాయి. పి.హెచ్ ఒకటి పెరిగితే విషరూపం దాదాపు పది రెట్లవుతుంది. 27 డిగ్రీల దగ్గర, 6.4లో విషం వాటా 0.16 శాతం. 7.8లో దాదాపు 4 శాతం. ఇప్పుడు లెక్క కట్టండి. మొదట 4 పీపీఎంలో విషం 0.0065 పీపీఎం. సగం నీళ్ళు మార్చాక అమ్మోనియా 2కి తగ్గింది, పి.హెచ్ 7.8కి చేరిందనుకుంటే విషం 0.08. మొత్తం సగమైంది, విషం పన్నెండు రెట్లయింది. నా డ్యాష్‌బోర్డు మీద మాత్రం అంకె తగ్గింది, పచ్చగా ఉంది!

మరి బోరు నీళ్ళ పి.హెచ్ 7.2 అని నేనే కొలిచాగా? అదే బకెట్ నీళ్ళు మర్నాడు మళ్ళీ కొలిస్తే 8.2. భూమి లోపలి నీళ్ళలో కార్బన్ డయాక్సైడ్ కరిగి ఉంటుంది. బయటికొచ్చి గాలి తగిలాక, మూత తీసిన సోడాలాగా అది ఎగిరిపోతుంది. దాంతో పి.హెచ్ పెరుగుతుంది. నేను కొలిచింది అప్పుడే మూత తీసిన సోడాని. పైగా ఈస్టు సీసా పీకడం, గాలి పంపు పెట్టడం, రెండూ ఆ వాయువుని తొట్టిలోంచి తరిమేసేవే. నేను చేసిన మూడు మంచి పనులూ ఒకే వైపు తోశాయి. దానికి తోడు, 50 టి.డి.ఎస్‌లో ఉన్న చేపని ఒక్క రాత్రిలో 450కి లాగడం అదనపు దెబ్బ.

మావయ్య చెప్పిన వైద్యం చిన్నదే. మేత ఆపేయ్. చెరువుల్లో చల్లే జియోలైట్ కాస్త గుడ్డలో మూటకట్టి ఫిల్టరు దగ్గర పెట్టు, అమ్మోనియాని పట్టుకుంటుంది. త్వరగా పెరిగే నాచుమొక్క ఏదైనా వెయ్. నీళ్ళు మార్చాల్సి వస్తే రోజుకో చెంబు, అవీ క్యాన్ నీళ్ళు. పి.హెచ్ పొద్దునా సాయంత్రం రెండుసార్లు చూడు. చివర్లో, "అన్నిటికన్నా ముందు నీ చేతులు జేబులో పెట్టుకో" అన్నాడు. చెరువుల్లో పగలు నాచు కార్బన్ డయాక్సైడ్ లాగేయడం వల్ల సాయంత్రానికి పి.హెచ్ ఎలా ఎక్కుతుందో, తెల్లవారుజామున ఆక్సిజన్ తగ్గి చేపలు పైకెలా తేలతాయో ఆయనకి చిన్నప్పటి నుంచీ తెలుసు. మనం "మానిటరింగ్" అని గొప్పగా చెప్పుకునేది వాళ్ళు గట్టు మీద నడుస్తూ చేస్తారు.

ఆయనింకో మాట అడిగాడు. "ఏ రోజు ఎన్ని పోయాయి? దాని ముందురోజు నువ్వేం చేశావు?" నా దగ్గర రాసిపెట్టింది ఏమీ లేదు. ఆఫీసులో లాగులు లేవని జూనియర్లని దులిపేసేవాణ్ణి. పక్కనే వింటున్న అమ్మాయి లోపలికెళ్ళి రఫ్ నోట్‌బుక్ తెచ్చింది. మొదటి రోజు నుంచీ చేపల్ని లెక్కపెట్టి రాస్తోంది. 15, 15, 15, 15, 13, 7, 3. 13 పక్కన "ముసలివి" అని, 7 పక్కన "నాన్న నీళ్ళు మార్చాడు" అని, 3 పక్కన "మళ్ళీ మార్చాడు" అని. ఇంత శుభ్రమైన లాగు నేను ఏ ప్రాజెక్టులోనూ చూళ్ళేదు. అందులో ఒక్క తప్పు ఉంది, అది నేను చెప్పి రాయించింది.

"అంటే నువ్వే చంపావా నాన్నా?" అంది.

ఆఫీసులో అయితే దీనికి "ప్రాసెస్ గ్యాప్" అని రాసి మీటింగు ముగిస్తాం. ఇక్కడ ఆ మాట పనిచేయదు. "అవును, తెలీక. ముసలివి అన్నది కూడా అబద్ధం" అన్నా. ఏడవలేదు. "ముసలివి" కొట్టేసి, పక్కన "తెలీదు" అని రాసుకుంది.

మిగిలిన మూడింట్లో ఒకటి మర్నాడు పోయింది. రెండు బతికాయి. జియోలైట్, మొక్కలు, చెంబు నీళ్ళు, మా ఆవిడ నా చేతుల మీద పెట్టిన కాపలా, అన్నీ కలిసి ఏడో వారానికి అమ్మోనియా సున్నా, నైట్రైట్ సున్నా.

చెప్పొచ్చేదేమిటంటే, బోరు నీళ్ళే పోయదల్చుకుంటే వాటిని ఒకరోజు బకెట్‌లో ఉంచి, అప్పుడు కొలవండి. ఆ నీళ్ళు నచ్చే గప్పీలో మోలీలో తెచ్చుకోండి, నీళ్ళతో కుస్తీ పట్టకండి. కొత్త తొట్టిలో అమ్మోనియా అంకె పక్కన పి.హెచ్ లేకపోతే ఆ అంకెకి అర్థం లేదు. ఏదైనా మారిస్తే ఒక్కటే మార్చండి, కాస్త ఆగి చూడండి. కళ్ళముందు ఒక ప్రాణి కొట్టుకుంటుంటే ఆగడం ఎంత కష్టమో నాకు తెలుసు. నాకు చేతకాలేదు కాబట్టే ఇదంతా రాస్తున్నా.

ఇంకో నాలుగు నియాన్లు తెద్దామా అని మొన్న అమ్మాయిని అడిగా.

"ముందు నీళ్ళు చూపించు" అంది, నోట్‌బుక్ తీస్తూ.