కొల్లేటి ఒడ్డున వేసవి సెలవులు

మాది కొల్లేటి లంక గ్రామం. కృష్ణా, గోదావరి డెల్టాల నడుమనున్న ఈ మంచినీటి సరస్సులోకి బుడమేరు, తమ్మిలేరు వంటి ఏరులు నీరు తెస్తాయి. ఉప్పుటేరు ఆ నీటిని సముద్రానికి చేరుస్తుంది. ఎండలు ముదిరేసరికి నీరు వెనక్కి తగ్గి మా యింటి వెనుక గట్టు కింద బురద బయటపడుతుంది. బడులకు సెలవులిచ్చేదీ అప్పుడే గనుక, మా అమ్మాయి పిల్లలు ముగ్గురూ హైదరాబాదు నుండి దిగుతారు.

ఇక మా ఆవిడకు వంటిల్లు వదిలే తీరిక ఉండదు. ఉదయం చద్దన్నంలోకి మాగాయ, మధ్యాహ్నం కొరమేను పులుసు, సాయంత్రం ముంజలు. రాత్రి అరుగు మీద మంచాలు వేస్తే గోడ పక్కన ఎవరు పడుకోవాలో రోజూ ఒక తగువు. ఒకనాడు బోరింగు దగ్గర బిందె వెనుక నీరుకట్టె చుట్టుకొని ఉంది. పెద్దవాడు కర్ర కోసం పరుగెత్తాడు. మా ఆవిడ అడ్డుపడి, “దానికి విషం లేదురా నాయనా, కప్పల కోసం వచ్చింది, దాని దారిన పోనీ” అంది. అది నిదానంగా గట్టు దిగిపోయింది. అప్పటి నుండి ముగ్గురూ బిందె వెనక్కి తొంగిచూడకుండా స్నానం చేయరు!

మా ప్రాంతానికి పేరు తెచ్చింది గూడబాతు. ముక్కు కింద సంచి ఉండే పెద్ద పక్షి. ఆటపాకలో అటవీశాఖ వారు పెట్టిన ఇనుప స్టాండ్ల మీద కూడా గూళ్ళు కడుతుంది. చలికాలంలో పుట్టిన పిల్లలు వేసవి నాటికి రెక్కలొచ్చి చేపలకు తిరుగుతాయి. చూడవచ్చినవారికి అది ముచ్చటే. అప్పు చేసి, మేత కొని చేపను పెంచేవారికి కాదు. 1999లో కొల్లేటిని అయిదవ కాంటూరు వరకు అభయారణ్యంగా ప్రకటించారు, 2006లో లోపలి చెరువుల గట్లు తెగ్గొట్టారు. పక్షికీ పొట్టకూటికీ మధ్య ఆ పేచీ మా ఊళ్ళలో ఇంకా తీరలేదు.

మా అబ్బాయి కాంటూరుకు బయట రెండెకరాల చెరువు కౌలుకు చేస్తున్నాడు. పక్షులు దిగకుండా పైన వల కట్టాడు. గత వేసవిలో ఒక ఉదయం ఆ వలలో గూడబాతు చిక్కుకుంది. రెక్క మెలిపడి, కొట్టుకొని కొట్టుకొని అలసిపోయింది.

“విడదీయడం కుదరదు నాన్నా, వల కోయాలి. కోస్తే రేపు గుంపంతా దిగుతుంది” అన్నాడు.

పిల్లలు మారు మాట్లాడకుండా వాళ్ళ మామయ్య ముఖం చూస్తున్నారు. నేనూ ఏమీ అనలేదు. అప్పు వాడిది, చెప్పడం నాకు తేలికే గదా. కాసేపటికి వాడే కొడవలి తెమ్మన్నాడు. నేను దాని కళ్ళ మీద తువ్వాలు కప్పి ముక్కు పట్టుకున్నాను. నాలుగు బారల వల పోయింది. నీటిలోకి వదలగానే అది కాళ్ళతో నీళ్ళు చరుస్తూ పరుగెత్తి, బరువుగా లేచి, ఆటపాక వైపు వెళ్ళింది.

ఆ మధ్యాహ్నం ముగ్గురూ మామయ్య పక్కన కూర్చొని వల ముడి వేయడం నేర్చుకున్నారు. పొద్దు వాలేసరికి మూరెడు మేర అల్లారు, అందులో సగం ముడులు వదులు. వాళ్ళు నిద్రపోయాక మా అబ్బాయి దీపం దగ్గర కూర్చొని, వాటిని ఒక్కొక్కటే విప్పి మళ్ళీ వేశాడు.