మామ్మ బైండు పుస్తకాలు

వారపత్రికల కట్ట మా ఊరికి రావులపాలెం బస్సు టాపు మీద వచ్చేది. కిళ్ళీకొట్టు ముందు కట్ట దిగీ దిగగానే మామ్మ నన్ను తరిమేది. మూడిళ్ళ వాళ్ళం కలిసి కొనే ప్రతి అది. ముందు మా అరుగు మీద చదువు, తర్వాత మేస్టారిల్లు, ఆఖరున ఎదురింటి లూథరన్ పంతులమ్మగారిల్లు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1908లో బొంబాయిలో మొదలుపెట్టిన ఆంధ్రపత్రిక అంటే మామ్మకి ప్రాణం. బుడుగు అందులోనే వచ్చింది. రాసిన ముళ్ళపూడి ధవళేశ్వరం వారు, బొమ్మలేసిన బాపు నరసాపురంలో పుట్టినవారు. ఇద్దరూ మన గోదారోళ్ళేనని చెప్పేటప్పుడు ఆవిడ గొంతు మారిపోయేది.

పత్రిక మూడిళ్ళూ తిరిగొచ్చాక అసలు పని. చాకు మొనతో పిన్నులు లేపి, సీరియల్ కాగితాలు విడదీసి దాచేది. కథ పూర్తయిన వారం మైదా జిగురు ఉడికించేది. పురుగు పట్టకుండా అందులో చిటికెడు మైలుతుత్తం. దబ్బనంతో కుట్టి, పాత కేలండరు అట్ట అంటించి, పైన రోలు పెట్టేది. సీరియల్ కాగితానికి వెనకవైపు ఏముంటే అదీ బైండులో చేరిపోయేది. సగం సంపాదకీయం, ఎన్నికల కార్టూను, ఏదో పీఠాధిపతి ప్రసంగం. నాకు రాజకీయం తెలిసింది ఆ వెనక పేజీల్లోనే.

1990ల్లో రాజమండ్రి వెళ్ళినప్పుడు తెల్లచొక్కా, టై, జేబు మీద నల్ల పేరుబిళ్ళ ఉన్న కుర్రాళ్ళిద్దరు మామ్మ చేతిలో చిన్న తెలుగు పుస్తకం పెట్టారు. ఇంటికొచ్చి ఆసాంతం చదివింది. "వీళ్ళు మీవాళ్ళేనాండీ?" అని పంతులమ్మగారిని అడిగింది.

"కాదండీ, మోర్మన్లు. బైబిలుతో పాటు వీళ్ళకి ఇంకో గ్రంథం ఉందండీ. అమెరికాలో పుట్టిన సంఘం."

తర్వాత నేను తెలుసుకున్నాను. 1978 డిసెంబరులో సమోవా నుంచి వచ్చిన ఎడ్విన్ ధర్మరాజు, ఎల్సీ దంపతుల చేతుల మీదుగా హైదరాబాదులో వాళ్ళ బంధువులు 22 మంది ఆ మతంలో బాప్తిస్మం తీసుకున్నారు. మోర్మన్ గ్రంథాన్ని తెలుగులోకి తెచ్చింది ఎల్సీగారి తండ్రి, స్వయంగా బాప్టిస్టు పాదిరి. ఇదంతా మామ్మకి తెలియదు. తెలుగులో అచ్చయింది గనక చదివింది, చదివింది గనక దాచింది. మన నమ్మకం కానిదాన్ని కూడా కుదురుగా కూర్చుని చదవడం ఆవిడకి వారపత్రికే నేర్పిందని నా గట్టి నమ్మకం.

ఆంధ్రపత్రిక 1991లో ఆగిపోయింది. 1996 నవంబరు 6 రాత్రి తుపానుకి మా పెంకులు ఎగిరిపోయి అటకంతా తడిసింది. కాగితాలు ముద్దయిపోయాయి. మామ్మ ఒక్కొక్కటీ విడదీసి వారం రోజులు దండెం మీద ఆరేసింది. ఒక్క బైండే దక్కింది.

మీ అటక మీద ఇలాంటిది ఉంటే దయచేసి తూకానికి వెయ్యకండి. రాజమండ్రి గౌతమీ గ్రంథాలయానికి తీసుకెళ్ళి ఇవ్వండి. వెనక పేజీలు చించకుండా ఇవ్వండి.