తెర మసకబారితే ముందు సెట్టింగులు చూడండి

నరసరావుపేటలో డిగ్రీ చదువుతున్న మా అక్క కూతురు ఫోన్ చేసింది. ల్యాప్‌టాప్ తెర దానంతటదే మసకబారుతోందట, షాపులో డిస్‌ప్లే మార్చాలన్నారట. "ఆగమ్మా, నల్లటి పేజీ తెరిస్తే వెలుతురు తగ్గి, తెల్లటిది తెరిస్తే పెరుగుతోందా?" అంటే, "అవును మామయ్యా" అంది.

అది చెడిపోవడం కాదు. తెరమీద ఉన్నదాన్ని బట్టి వెలుతురు సర్ది బ్యాటరీ మిగిల్చే ఏర్పాటు. విండోస్ 11లో సెట్టింగ్స్, సిస్టమ్, డిస్‌ప్లేలోకి వెళ్లి బ్రైట్‌నెస్ పక్క బాణం నొక్కితే 'చేంజ్ బ్రైట్‌నెస్ బేస్డ్ ఆన్ కంటెంట్' అని ఉంటుంది. ఆఫ్ చేస్తే సరి. అక్కడ లేకపోతే ఇంటెల్ గ్రాఫిక్స్ సెట్టింగుల్లో పవర్ కింద వెతకండి.

ఛార్జింగ్ తగ్గినప్పుడే మసకబారితే అది ఎనర్జీ సేవర్ (పాత పేరు బ్యాటరీ సేవర్) పని. గదిలో వెలుతురు మారినప్పుడైతే లైట్ సెన్సార్‌ది. బాగా వేడెక్కినా కొన్ని మోడళ్లు వెలుతురు తగ్గించుకుంటాయి. మన రెంటచింతల ఎండల్లో ఇది మరిచిపోకూడదు.

మాచర్ల, గురజాల నుంచి వచ్చి చదువుకునే పిల్లలకి డిస్‌ప్లే ఖర్చంటే మాటలా! ఇవన్నీ చూశాక కూడా, మూత కదిపినప్పుడల్లా తెర మినుకుమంటుంటేనే షాపుకి వెళ్లండి. అప్పుడైనా ముందు లోపలి కేబుల్ చూడమని అడగండి.