బాలారిష్టములు

మన యిండ్లలో బిడ్డ పుట్టగానే జాతకము వ్రాయించుట యొక ఆచారము. అందు బాలారిష్టముల ప్రసక్తి లేని జాతకమును మేమింతవరకు చూడలేదు. ఫలాని మాసమున జలగండము, ఫలాని యేట అగ్నిభయము, మరియొకప్పుడు విషభయము అని వ్రాయుదురు. పెద్దలు విని నిట్టూర్చి శాంతి చేయింతురు. శాంతి జరిగిన పిదప నిశ్చింతగా నుందురు. ఆ నిశ్చింతయే బిడ్డకు పెద్ద గండమని మేము చాలకాలము గ్రహింపలేదు. చదువుకొన్నవారము, జాతకములను పరిహసించువారము, నలుగురకు నీతులు చెప్పువారము; అయినను గ్రహింపలేదు. ఎట్లు గ్రహించితిమో చెప్పుటకే యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మా పెరటిలో పశువుల కుడితికై నేలలో సగము పాతిన గాబు ఒకటి కలదు. దానిపై నొక రేకు మూతగా నుండెడిది. గడచిన వేసవిలో ఒకనాటి రాత్రి గాలివాన వచ్చి లేగదూడ పాకకప్పు ఎగిరిపోయినది. తెల్లవారగానే గాబుమీది రేకు తీసి పాకమీద కప్పినవారము మేమే. మరునాడు వేరొక రేకు తెప్పించి గాబు మూయింతమనుకొంటిమి. ఇరువది దినములు గడచినను ఆ మరునాడు రాలేదు.

మా మనుమనికి అప్పటికి రెండవ యేడు నిండలేదు. ఒకనాటి యుదయమున మా కోడలు బియ్యము కడిగి ఎసట పోయుటకు లోనికి వెళ్లెను. మేము అరుగుమీద పత్రిక చదువుచుంటిమి. బిడ్డ పెరటిలో ఆడుకొనుచున్నాడని అందరము అనుకొంటిమి. కేక లేదు, ఏడుపు లేదు, నీరు చిమ్మిన చప్పుడు సైతము లేదు. కోడలు తిరిగి వచ్చి చూచునప్పటికి గాబు అంచుపై రెండు చిన్నపాదములు మాత్రము కనబడుచుండెనట. ఆమె బిడ్డను పైకి లాగి వేసిన కేక మేము బ్రతికినంతకాలము మరువజాలము.

ఇరుగుపొరుగువారు పరుగెత్తి వచ్చిరి. ఒకరు బిడ్డను కాళ్లు పట్టి తలక్రిందులుగా త్రిప్పబోయిరి. మరియొకరు కడుపు నొక్కి నీరు కక్కింపుడనిరి. ఇంతలో మా వీథిలోనే యున్న అంగన్‌వాడీ కేంద్రమునుండి టీచరమ్మ వచ్చి, "కాళ్లు వదలండి బాబాయిగారూ! ముందు చదునుగా పడుకోబెట్టండి. ఎవరైనా 108కి ఫోను చెయ్యండి!" అని గద్దించెను. ఆమె బిడ్డ నోటిలోనికి ఊపిరి ఊదుచు, అరచేతి మొదలుతో ఱొమ్ము నడుమ నొక్కుచు, మరల ఊదుచు, మరల నొక్కుచు నుండెను. ఎంతసేపో మేమెరుగము. తుదకు బిడ్డ దగ్గి, కక్కి, ఏడ్చెను. అంబులెన్సు వచ్చినది, ఒక పగలు, ఒక రాత్రి ఆసుపత్రిలో నుంచిరి, దైవము దయవలన వాడు సుఖముగా ఇల్లు చేరెను.

ఇప్పుడు మేము సిగ్గుపడి చెప్పవలసిన భాగము వచ్చినది. పరామర్శకు వచ్చినవారు రెండు మాటలు చెప్పిరి. కొందరు, "జాతకంలో ఉన్న జలగండమేనండీ, గడిచిపోయింది" అనిరి. కొందరు, "తల్లి కన్ను పిల్లవాడిమీద ఉండవద్దూ?" అనిరి. మా కోడలు తలవంచుకొని వినుచుండెను గాని మారు పలుకలేదు. మేము కూడ పలుకలేదు. రేకు తీసినవారము మేమని మాకు తెలియును. అయినను మూడు దినములు మా నోట ఆ మాట రాలేదు. శాంతికి ముహూర్తము పెట్టించుట కూడ జరిగినది. ఆ మూడు దినములును గాబు తెరచియే యున్నది!

నాలుగవనాడు టీచరమ్మ బిడ్డను చూడవచ్చి, పెరటిలోనికి తొంగిచూచి, "బాబాయిగారూ, గాబుమీద రేకు ఉండేదిగా, ఏమైందండీ?" అని అడిగెను. ఆమె మాటలో నిందలేదు. కాని అంతమందిలో గాబును గూర్చి అడిగినది ఆమె యొక్కతెయే. అప్పుడు మేము అందరియెదుట జరిగినది చెప్పితిమి. కోడలు మొదటిసారిగా తల యెత్తి మావైపు చూచెను. ఆ సాయంకాలమే గాబుకు బందులతో, గొళ్లెముతో మూత బిగించితిమి. అందులకు పట్టిన కాలము ఒక గంట.

ఆనాటినుండి మేము ఈ విషయమును గూర్చి చదువసాగితిమి. ప్రపంచారోగ్యసంస్థవారి లెక్క ప్రకారము 2021వ సంవత్సరములో లోకమున సుమారు 3 లక్షలమంది నీట మునిగి చనిపోయిరి. వారిలో దాదాపు నాలుగవవంతు అయిదేండ్లలోపు బిడ్డలు. నడక నేర్చిన పసివాని శరీరములో తల బరువైన భాగము. వాడు తొట్టిలోనికి వంగెనా, తలక్రిందుగా పడును. పడిన పిదప తనను తాను ఎత్తుకొనజాలడు. మునుగువాడు కేకవేయునని మనమనుకొందుము. ఊపిరి యందనివానికి కేక ఎక్కడిది? కావుననే బకెట్టెడు నీరు సైతము మృత్యువు కాగలదు. ఇందు గ్రహముల ప్రసక్తి ఏమియు లేదు. తల బరువు, అంచు ఎత్తు, మూత లేమి: ఇవియే ఆ బిడ్డ జాతకచక్రమందలి గ్రహములు.

గండమని విధిమీద త్రోయుటయు, అజాగ్రత్త యని తల్లిమీద త్రోయుటయు వేరువేరని మేము మొదట తలంచితిమి. కాని రెండును ఒక్కటే. రెండింటివలనను గాబు తెరచియే యుండును. వంట చేయుచు, నీరు తోడుచు, పశువులను చూచుచు, ముసలివారికి మందులిచ్చుచు నున్న యువతి ఒక్క నిమిషము కూడ బిడ్డపైనుండి చూపు మరల్పరాదనుట ధర్మము కాదు, సాధ్యము అంతకంటె కాదు. మనుష్యుని కన్ను చెదరును; గొళ్లెము చెదరదు. తల్లి కన్ను ఎంత పదునైనదైనను, దానికి తోడుగా మూత, కంచె, మరియొకరి సాయము ఉండవలెను.

ఈ సత్యమును మన పొరుగుననున్న బంగ్లాదేశమువారు చక్కగా గ్రహించిరి. అచ్చట ప్రతి యింటిచెంతను కుంట యుండును. అన్నిటికిని కంచె వేయుట యెవరితరము? తల్లులు ఇంటిపనులలో మునిగియుండు ఉదయవేళలోనే ప్రమాదములు హెచ్చని కనుగొని, వారు గ్రామములందు శిశుసంరక్షణగృహములు నెలకొల్పిరి. ఉదయము 9 గంటలనుండి మధ్యాహ్నము 1 గంటవరకు అయిదేండ్లలోపు బిడ్డలు ఒక శిక్షితురాలి పాలనలో నుందురు. ఆ గృహములకు వచ్చు బిడ్డలలో మునకమరణములు మిక్కిలి తగ్గినవి. మన దేశమందు 1975 అక్టోబరు 2వ తేదీన ఆరంభమైన సమగ్ర శిశు అభివృద్ధి పథకము ఊరూర అంగన్‌వాడీలను ఏర్పరచినది. కాని అచ్చట కూర్చుండి ఆటపాటలు నేర్చుకొనువారు మూడేండ్లు నిండినవారు. గాబులో పడు వయస్సు అంతకు ముందటిది. 2022లో 'పాల్నా' యను పేరిట అంగన్‌వాడీలతో శిశుసంరక్షణగృహములను జతచేయు పథకము వచ్చినది. మీ యూరికి వచ్చినదా యని అడుగుట మన పని.

అడుగుట యనిన జ్ఞప్తికి వచ్చినది. మేము విచారించినకొలది మాకు ఆశ్చర్యము కలిగినది. బిడ్డల రక్షణకై దేశమునందు ఏమియు లేదని మేమనుకొంటిమి. ఉన్నది, మన గుమ్మములకు తెలియదు. నీటమునుగుటను నివారించుటకు కేంద్ర ఆరోగ్యశాఖవారు 2023 డిసెంబరులో ఒక జాతీయ ప్రణాళికను ప్రకటించిరి. ఢిల్లీలోని అఖిలభారత వైద్యవిజ్ఞానసంస్థలో 1995నుండి జాతీయ విషసమాచారకేంద్రము పనిచేయుచున్నది. దాని ఫోను 1800 116 117. పిలుపునకు వెల లేదు, రాత్రింబవళ్లు పలుకుదురు. మన యిండ్లలో కిరసనాయిలును, ఫినాయిలును, పురుగుమందును శీతలపానీయపు సీసాలలో పోసి చూరుక్రింద పెట్టుదురు. బిడ్డ దప్పిగొని త్రాగినచో ఉప్పునీరు పోసి కక్కింపజూతురు. కిరసనాయిలు త్రాగిన బిడ్డను కక్కించినచో అది ఊపిరితిత్తులలోనికి పోయి మరింత కీడు చేయును. ఈ యొక్క మాట తెలియక ప్రేమతోనే బిడ్డలకు అపకారము చేయువా రెందరో!

ఉన్న యేర్పాటు గుమ్మము చేరనిచో ఏమగునో గొట్టపుబావులను చూచి తెలిసికొనవచ్చును. 2010లో సుప్రీముకోర్టువారు స్పష్టముగా ఆజ్ఞాపించిరి. బావి త్రవ్వుటకు 15 దినముల ముందుగా అధికారులకు తెలుపవలెను. త్రవ్వునప్పుడు ముళ్లకంచె వేయవలెను. గొట్టమునకు మూత బిగించి చుట్టును సిమెంటుదిమ్మె కట్టవలెను. నీరు పడక విడిచిపెట్టిన బావిని అడుగునుండి నేలమట్టమువరకు మట్టితోనో, ఇసుకతోనో, రాళ్లతోనో పూడ్చవలెను. ఇంతకంటె తేటగా నెవరు చెప్పగలరు? అయినను 2017లో రంగారెడ్డి జిల్లాలోను, 2020లో మెదకు జిల్లాలోను ముక్కుపచ్చలారని బిడ్డలు గొట్టపుబావులలో పడి అసువులు బాసిరి. వారిని వెలికితీయుటకై యంత్రములు, సైనికులు, రాత్రంతయు దీపములు! రెండు బండ్ల మట్టి ముందుగా పోసియున్నచో వీనిలో నేదియు అవసరము లేకుండెడిది.

నీటికంటె, నిప్పుకంటె నోరు తెరచి చెప్పుటకు కష్టమైన గండము మరియొకటి కలదు. అది మనుష్యులవలన వచ్చునది. పలుమారు తెలిసినవారివలననే వచ్చునది. బిడ్డలపై జరుగు లైంగికాపచారములను శిక్షించుటకు 2012లో ప్రత్యేకశాసనము ఏర్పడినది. అట్టి నేరము జరిగినదని తెలిసినవాడు పోలీసులకు తెలుపక యూరకుండుటయే ఆ శాసనము ప్రకారము నేరము. కాని మన కుటుంబములు పరువునకు జంకి మౌనము వహించును. ఆ మౌనమెట్టిదో మాకిప్పుడు తెలియును. రేకు తీసినమాట మూడు దినములు మ్రింగినవారము మేము. పెద్దల పరువును కాపాడిన మౌనము బిడ్డలకు ఒరగబెట్టినది ఏమియు లేదు. ఆపదలోనున్న బిడ్డకై ఎవరైనను పిలువదగిన 1098 అను సహాయవాణి 1996లో బొంబాయినగరమున టాటా సామాజికశాస్త్రసంస్థ పక్షమున శ్రీమతి జెరూ బిల్లిమోరియాగారి చొరవతో వెలసినది. 2023నుండి దానిని ప్రభుత్వములే నడపుచున్నవి. 112తో దానికి సంబంధము కలిపిరి. జిల్లాజిల్లాకు శిశుసంక్షేమసమితి యుండవలెనని 2015నాటి బాలన్యాయశాసనము విధించుచున్నది. నిరాశ్రయుడైన బిడ్డను, హింసకు గురియైన బిడ్డను ఆ సమితియెదుటికి తీసికొనిపోవచ్చును. ఈ మాట యెరిగిన గృహస్థులు వీథికొక్కరున్నను మేలే.

మా టీచరమ్మను ఒకనాడు, "ఆ విద్య నీకెవరు నేర్పినారు తల్లీ?" అని అడిగితిమి. ఆమె కొంతసేపు ఊరకుండి, "మా తమ్ముడు చెరువులో పోయాడండీ. ఒడ్డుమీద పదిమందిమి ఉన్నాము, ఒక్కరికీ ఏం చెయ్యాలో తెలియలేదు. తరువాత పట్నంలో ఎవరో నేర్పుతున్నారంటే నా ఖర్చులు పెట్టుకుని వెళ్లి నేర్చుకున్నాను" అనెను. ఆ మాట మమ్ము కలచివైచినది. మా మనుమడు బ్రతికినది ఏ పథకమువలనను కాదు. ఒక పేద యువతి తన దుఃఖమును విద్యగా మార్చుకొనుటవలన. అది ఆమె గొప్పతనము. దేశమునకు మాత్రము గొప్ప కాదు. ఢిల్లీలో ప్రణాళిక యుండుట ఎంత యవసరమో, అది అంగన్‌వాడీ టీచరునకు, బడిపంతులునకు, ఆశా కార్యకర్తకు, ఊరి పోలీసుజవానునకు చేతివిద్యగా దిగివచ్చుటయు అంతే యవసరము. తమ్ముని పోగొట్టుకొన్నవారే నేర్చుకొనవలెనా?

పాఠకులను మేము కోరునది స్వల్పము. నేడే మీ యింట నేలమీద కూర్చుండి, రెండేండ్ల బిడ్డ కన్నులతో ఒకమారు చుట్టును చూడుడు. గాబు, సంపు, బకెట్టు, పొయ్యి, సీసా, మెట్టు: చేయిచాచిన అందునవి యేవో లెక్కింపుడు. మూయవలసినదానిని మూయుడు, పైన పెట్టవలసినదానిని పైన పెట్టుడు. 108, 112, 1098 అను అంకెలను గోడమీద వ్రాయుడు. మీ యూరి అంగన్‌వాడీ టీచరును పిలిచి, ఊపిరి పోయు విద్య నేర్చితివా యని అడుగుడు. నేర్వకున్నచో అది ఆమె తప్పు కాదు. నేర్పింపుమని పైవారిని అడుగుట ఊరివారి విధి. మీ యింట నెన్నడైన ప్రమాదము తప్పిపోయినచో, కోడలిమీదికి పోవు మాటను గొంతులోనే ఆపి, మూత ఏమైనదని మొదట అడుగుడు.

మా యింట శాంతి మానలేదు. మా యింటివారి తృప్తికై జరిగినది. మేము కాదనలేదు. కాని మూత బిగించిన పిదపనే జరిగినది. ఇది వ్రాయుచుండగా మా మనుమడు పెరటిలో ఒక పుల్లతో ఆ రేకుమూతను దబదబ బాదుచున్నాడు. చెవులు చిల్లులు పడుచున్నవి. మానుమని చెప్పుటకు మాకు మనసు రాకున్నది.