మామిడికాయలు మోసిన వ్యానుకు చోటేది?

పాత బళ్ల ప్రదర్శనలో జనం ముందు మూగేది రాజుల కార్ల చుట్టూనే. చౌమహల్లాలోని నిజాం గారి 1912 రోల్స్‌రాయిస్ పసుపు రంగు చూస్తే ఎవరికైనా కళ్లు చెదురుతాయి, కాదనను. నా చూపు మాత్రం వ్యాన్ల కోసం వెతుకుతుంది. జి.కొండూరు వాణ్ణి మరి. మా తోటల కాయలు నున్న మార్కెట్‌కు మోసిన మెటాడోర్లు ఎన్నని! తలుపు గట్టిగా కొడితేగానీ పడదు. లోపలంతా డీజిల్ వాసన, మామిడి సొన మరకలు.

వ్యానేం గొప్పంటారా? 1982లో ఎన్టీఆర్ ఎన్నికల ప్రచారానికి తిరిగిన చైతన్యరథం పాత షెవర్లే వ్యానే కదా. నంబరు ఏబీఆర్ 7228. హరికృష్ణ స్టీరింగు పట్టారు, పైకప్పే వేదికైంది. 1983 జనవరిలో ప్రభుత్వం మారింది. ఇప్పుడు మా జిల్లాకు ఎన్టీఆర్ పేరే.

2021 కేంద్ర నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటిన సొంత వాహనాలకు వింటేజ్ గుర్తింపుగా ‘వీఏ’ నంబరు ఇస్తారు. కొత్తగా తీసుకుంటే రుసుము 20,000 రూపాయలు. కిరాయికి తిరిగిన సరుకు బళ్లకు మాత్రం అందులో చోటు లేదు. షికారుకెళ్లిన కారుకు దక్కే మర్యాద ఊరిని పోషించిన బండికి దక్కకపోవడం నాకు మింగుడుపడదు.

మీ షెడ్డులో అలాంటి వ్యానుంటే పాత ఇనుము కింద తూకం వేయకండి. తుడిచి, ప్రదర్శనకు తీసుకురండి.